పసుపు పూసిన రాణి

బిందుమాధవికి ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం తన రెండు చేతులంటే. ఎప్పుడో ఒకప్పుడు ఆ చేతులతోనే కన్నకొడుకుని చంపేస్తానని భయం.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి వచ్చిన కొత్తలో అందరిలాగే ఆమె కూడా సాలీళ్ళకి భయపడింది. వీపు మీద ఎర్రమచ్చ ఉండే నల్ల సాలీడు కరిస్తే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందేనని భర్త భార్గవ్ చెప్పిన దగ్గర్నుంచి, చెప్పులు దులపనిదే కాలు పెట్టేది కాదు. కొడుకు పుట్టాక సాలీడు ఎదురుపడితే చీపురుతో ఒక్కటి వేసి, తుడిచి పారేయడం నేర్చుకుంది. పెద్ద భయం వచ్చి ఇంట్లో కూర్చున్నాక చిన్న భయాలు వాటంతట అవే లేచి వెళ్ళిపోయాయి.

ఆ భయం మాటలుగా వచ్చేది కాదు. కళ్ళ ముందు జరిగిపోతున్నట్టే వచ్చేది. ఉల్లిపాయ కోద్దామని చాకు తీస్తే, అది మూడో నెల పిల్లవాడు సుమంత్ మెడ మీదికి పోయినట్టు, వాడి తెల్ల బనీను ముందుభాగమంతా ఎర్రగా తడిసినట్టు కనిపించేది. గంజి వార్చబోతే ఆ గిన్నె ఉయ్యాల్లోకి ఒంపేసినట్టు, వాడి కేక సగంలోనే ఆగిపోయినట్టు ఉండేది. భుజాన వేసుకుని హాల్లో తిప్పుతుంటే, కాళ్ళు పట్టుకుని గోడకేసి కొట్టిన చప్పుడు చెవుల్లో మోగేది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. ఒళ్ళంతా చెమటలు పోసి, ఆగి చూసుకుంటే వాడు గడ్డం మీద పాలచుక్కతో ఆవలిస్తూ ఉండేవాడు.

ఎవరికి చెప్పుకోవాలి? ఇంటర్ మధ్యలో చదువు మాన్పించేస్తే కుట్టుమిషన్ ముందు పెరిగిన పిల్ల. ఇలాంటి దానికి ఒక పేరు, ఒక మందు ఉంటాయని ఆమెకు తెలియదు. తనలో ఏదో దూరిందనుకుంది. పైగా వాళ్ళుండే హారిస్‌డేల్‌లో మనవాళ్ళు నలుగురు చేరిన చోటల్లా ఒకటే మాట: ఈ దేశంలో తల్లి సరిగ్గా లేదని తెలిస్తే చాలు, గవర్నమెంటు వాళ్ళు వచ్చి పిల్లల్ని పట్టుకుపోతారని. చెబితే పిల్లాడు పోతాడు. చెప్పకపోతే పిల్లాడు చచ్చిపోతాడు. ఆ రెంటి మధ్యా నలిగిపోతూ ఆమె పాలిస్తూ, ఉతుకుతూ, ఎదురైనవాళ్ళని చూసి నవ్వుతూ తిరిగింది.

భార్గవ్ ఎక్కడో ఉత్తరాన ఇనుప గనిలో ఎలక్ట్రీషియన్. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. పురుడు పోయడానికి అతని తల్లి మంగతాయారు కాకినాడ నుంచి వచ్చి ఉంది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది.

“చాకులన్నీ ఏవయ్యాయే అమ్మాయ్? వంకాయలు పళ్ళతో కొరికి వండమంటావా?” అందొక ఉదయం సొరుగులన్నీ లాగి చూసి.

బిందు వాటిని తువ్వాల్లో చుట్టి బట్టలుతికే గదిలో, సబ్బు డబ్బాల వెనక దాచింది. “మొద్దుబారాయి అత్తయ్యా. సాన పట్టిస్తానని ఆయన పట్టుకెళ్ళారు.”

“ఇనప గనిలో సాన పడతారా? బాగుంది మీ సంసారం!” అని ఆవిడ వంకాయల్ని చేత్తో చిదిమి పులుసులో పడేసింది.

ఆ వారమే వీధిలో పాత సామాన్లు పారేసే వారం. ప్రతి ఇంటి ముందు గడ్డి మీద పరుపులు, విరిగిన కుర్చీలు, ఫ్యాన్లు గుట్టలుగా పడేశారు. మునిసిపాలిటీ లారీ వచ్చి ఎత్తుకుపోయేలోగా ఎవరికి కావాల్సింది వాళ్ళు ఏరుకోవచ్చు. మంగతాయారుకి ఈ పద్ధతి మహా నచ్చింది. మనవణ్ణి బండిలో పడుకోబెట్టుకుని వీధులన్నీ తిరిగొచ్చేది.

ఒకరోజు తలుపు చప్పుడైతే బిందు తీసింది. గుమ్మంలో పిల్లవాడి బండి. బండిలో సుమంత్ దుప్పటి. దుప్పటి కింద నుంచి ఎర్రటి ఆడమనిషి ముఖం ఆమెనే చూస్తోంది. ఛాతీ మీద బాకు.

బిందు గొంతులోంచి వచ్చిన అరుపుకి ఎదురింటి కుక్క మొరిగింది.

“ఎందుకే ఆ గావుకేకలు?” మంగతాయారు పక్కకి జరిగింది. పిల్లవాడు ఆవిడ చంకలో ఉన్నాడు. “వీణ్ణి ఎత్తుకో, నీళ్ళు తే, పసుపు తే. అమ్మవారినే, అమ్మవారిని! పరుపుకీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య పారేశారు పాపిష్టి వాళ్ళు. చూస్తూ చూస్తూ ఎలా వదిలేసి రాను?”

మోకాలెత్తు మట్టిబొమ్మ. కాల్చిన మట్టి, లోపల గుల్ల. వర్షాలకి నాచు పట్టి, ఒక చెవి విరిగి ఉంది. కిరీటం, జారిన కొంగులా ఏదో బట్ట, కుడిచేతిలో బాకు. ఎడమచేత్తో ఇద్దరు మగపిల్లల్ని ఒంటికి హత్తుకుంది. ఒకడు ఆమె బట్టల్లో ముఖం దాచుకున్నాడు. ఇంకొకడు తలెత్తి నోరు తెరిచి ఆమెను చూస్తున్నాడు.

“చూడు, ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో బిడ్డలు,” అంది మంగతాయారు, చెంపలు వాయించుకుంటూ. “పిల్లల తల్లి. మా ఊళ్ళో అమ్మవారిది అచ్చం ఇదే చూపు. ఈ ఊళ్ళో ఎవరో మనవాళ్ళే తెచ్చుకుని, ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసి ఉంటారు. దిక్కులేకుండా వదిలేస్తే పిల్లలకే చుట్టుకుంటుంది.”

వెనక పెరట్లో, పందిరి కింద ఇటుకలు పేర్చి బొమ్మని నిలబెట్టింది. నాచు గీకి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, తన పాత పట్టుచీర అంచు చింపి చుట్టింది. సంగతి ఫోన్ల మీద పాకింది. చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే గాజులు, పూలు, నిమ్మకాయలు పట్టుకుని రావడం మొదలెట్టారు. ఒకావిడ కూతురికి దగ్గు తగ్గిందంది. ఇంకొకావిడ కొడుకు డేకేర్‌లో ఏడుపు మానాడంది. మంగతాయారు తీర్థం ఇచ్చి పంపేది.

బిందు మాత్రం బొమ్మ ముందు ఒంటరిగా కూర్చునేది. ఆమె చూసేది ఒకటే. ఈ తల్లి చేతిలోనూ కత్తి ఉంది. పక్కనే బిడ్డలున్నారు. అయినా బిడ్డలకి ఏమీ కాలేదు. అయితే కుదురుతుందన్నమాట. కత్తి పట్టిన చెయ్యీ, బిడ్డని పట్టిన చెయ్యీ ఒకే ఒంటికి ఉండొచ్చన్నమాట.

ఆ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే, తువ్వాల్లో చుట్టిన చాకులన్నీ తెచ్చి బొమ్మ పాదాల దగ్గర పెట్టింది. నుదురు ఇటుకకి ఆనించి, “నా చేతులు కూడా నీ దగ్గరే కట్టేసి పోతున్నానమ్మా. నువ్వు పట్టుకో. విప్పకు,” అని మొక్కింది.

లేచి చూసిన మంగతాయారు పొంగిపోయింది. “ఆయుధపూజ! నీకింత భక్తి ఉందని తెలీదే. సాన నించి ఎప్పుడొచ్చాయి ఇవి?”

ఆ రోజు నుంచి కళ్ళ ముందు కదిలే ఆ దృశ్యాలు పల్చబడ్డాయి. వస్తూనే ఉన్నాయి కాని, వచ్చిన ప్రతిసారీ ఆమె మనసులో పసుపు ముఖాన్ని తలుచుకునేది. నా చేతులు నా దగ్గర లేవు, అమ్మ దగ్గర ఉన్నాయి అనుకునేది. గుండె నెమ్మదించేది. పిల్లవాడికి తానే స్నానం చేయించింది. వాడి పొట్ట మీద ముద్దు పెట్టింది.

భార్గవ్ ఇంటికొచ్చిన వారం, ఆదివారం మధ్యాహ్నం, పెరట్లో బార్బీ, అంటే మాంసం కాల్చే బొగ్గుల పొయ్యి, పెట్టాడు. తనకి అన్నివిధాలా సాయం చేసిన ద్వారకానాథ్ అంకుల్‌ని పిలిచాడు. ముప్ఫై ఏళ్ళు యూనివర్సిటీలో నాటకాల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మంచాయన, కాని తనకి తెలిసింది ఎదుటివాడికి చెప్పకుండా ఉండలేడు.

ఆయన పేపర్ ప్లేటుతో పందిరి కిందికి వచ్చి, బొమ్మ ముందు ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు. వంగి, చీర అంచు పక్కకి తీసి పీఠం మీద అక్షరాలు చదివాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

“భార్గవ్, వేర్ డిడ్ యు గెట్ దిస్? ఇది విక్టోరియన్ టెరకోటా అయ్యా! విక్టోరియా రాణి రోజుల్లో లండన్‌లో కాల్చింది. పెద్ద పెద్ద ఇళ్ళ తోటల్లో పెట్టుకునేవాళ్ళు. నాటకాల్లో వేషాలు చూసొచ్చి శిల్పులు మట్టితో ఇలా చేసేవాళ్ళు. మంగతాయారు గారూ, మీరు పసుపు రాసింది అమ్మవారికి కాదండీ, డ్రామా హీరోయిన్‌కి!”

“హీరోయినా? కిరీటం లేదూ? కత్తి లేదూ?” అంది మంగతాయారు, నూనె గరిటె ఎత్తి.

“రాణి కదండీ, అందుకు కిరీటం. కత్తి ఎందుకో చెప్పమంటారా?” ఆయన గొంతు సవరించుకున్నాడు. క్లాసు మొదలైంది. “చాలా పాత ట్రాజెడీ. శత్రువులు కోట చుట్టుముడతారు. తలుపులు విరుగుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది. రాణికి ఇద్దరు కొడుకులు. పరాయివాళ్ళ చేతుల్లో పడి నా బిడ్డలు చావకూడదనుకుంటుంది. లాలిపాట పాడుతూ ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని తన చేత్తోనే ఒక్కొక్కణ్ణి... ఇదిగో, ఇది ఆ మూమెంట్! చూడండి, చిన్నాడికి తెలియదు, బట్టల్లో దాక్కున్నాడు. పెద్దాడికి తెలిసిపోయింది. వాడి నోరు చూడండి. బ్యూటిఫుల్ వర్క్!”

“ఛీ, ఛీ! నోరు కడుక్కోండి అన్నయ్య గారూ. ఏ తల్లైనా అలా చేస్తుందా?” అంది మంగతాయారు.

“ప్రేమతోనే చేసిందండీ. అదే ఆ నాటకం గొప్పతనం.”

“నాటకం గీటకం నాకు తెలీదు. ఒకసారి పసుపు రాశాక ఆవిడ అమ్మవారే.”

భార్గవ్ నవ్వాడు. “అమ్మా, హత్యలు చేసేదానికి నైవేద్యాలు పెట్టావా ఇన్నాళ్ళూ?” అంటూ సాసేజీలు తిరగేశాడు. కొవ్వు మంటలో పడి చుయ్యిమంది.

బిందు కొడుకుని ఒళ్ళో పెట్టుకుని పందిరి గుంజ దగ్గర కూర్చుని ఉంది. పెద్ద పిల్లవాడి నోరు చూసింది. ఇన్నాళ్ళూ వాడు తల్లిని చూసి నవ్వుతున్నాడనుకుంది. వాడు నవ్వడం లేదు.

ఒక్కసారిగా ఆ దృశ్యాలన్నీ తిరిగొచ్చాయి. ఇదివరకు ఒకటొకటిగా వచ్చేవి, ఇప్పుడు గుంపుగా వచ్చాయి. చాకు, గంజి గిన్నె, గోడ, కాళ్ళు పట్టుకుని తిప్పిన ఊపు. ఆమె తన చేతుల్ని ఎవరి దగ్గర కట్టేసిందో ఇప్పుడు తెలిసింది. నా బిడ్డని కాపాడు తల్లీ అని అడిగింది కదా. ఆ రాణికి కాపాడటమంటే తెలిసింది ఆ ఒక్క పద్ధతే.

లేచి లోపలికి వెళ్ళింది. పడగ్గదిలో కూర్చుని సుమంత్‌కి పాలిచ్చింది. వాడు పట్టుకున్న కొంగు విడిపించుకుని, ఉయ్యాలమంచంలో పడుకోబెట్టి, రెండు పక్కలా మెత్తటి బట్టలు సర్దింది. బయటికొచ్చి తలుపు వేసింది. భోజనాల బల్ల లాక్కొచ్చి తలుపుకి అడ్డంగా పెట్టింది. తనకీ వాడికీ మధ్య ఏదైనా బరువైంది ఉండాలనిపించింది, అంతే. తర్వాత గ్యారేజీలోకి వెళ్ళి భార్గవ్ పెద్ద సుత్తి తీసుకుంది.

ఆమె పెరట్లోకి రావడం ముందు ఎవరూ పట్టించుకోలేదు. మొదటి దెబ్బకి బాకు పట్టిన చెయ్యి భుజం దగ్గర విరిగి ఇటుకల మీద పడింది. గుల్ల మట్టి పగిలిన చప్పుడు కుండ పగిలినట్టుంది. రెండో దెబ్బకి కిరీటం, సగం ముఖం ఎగిరిపోయాయి. పసుపు దుమ్ము లేచింది.

“బిందూ!” భార్గవ్ పటకారు పారేసి పరుగెత్తాడు.

అంతకంటే ముందే మంగతాయారు చేరింది. “అమ్మో, అమ్మవారే! ఇంటికి అరిష్టమే!” అని బొమ్మ మీద పడి రెండు చేతులతో కావలించుకుంది. సుత్తి అప్పటికే గాల్లో ఉంది. దిగింది. ఆవిడ మోచేతి కింద పడింది.

ఎముక విరిగిన చప్పుడు మట్టి విరిగిన చప్పుడులా ఉండదు. తడిగా ఉంటుంది. మంగతాయారు అరవలేదు, నోరు తెరిచి అలా ఉండిపోయింది. చెయ్యి ఉండకూడని వైపుకి వంగి వేలాడింది. పగిలిన పెంకు గుచ్చుకుని ఆవిడ చెంప మీంచి రక్తం పసుపులో కలిసి కారింది.

బిందు ఇంకా కొడుతూనే ఉంది. ఇప్పుడు పీఠాన్ని, పిల్లల కాళ్ళని. భార్గవ్ వెనక నుంచి జుట్టు పట్టి లాగాడు. ఆమె తిరిగి అతని మణికట్టు పట్టి కొరికింది, పళ్ళకి రక్తం రుచి తగిలేదాకా. అతను లాగి చెంప మీద కొట్టాడు. ఆమె వెళ్ళి బార్బీ మీద పడింది. కాలుతున్న రేకు, సాసేజీలు, నిప్పుకణికలు ఇద్దరి కాళ్ళ మీదా కుమ్మరించినట్టు పడ్డాయి. వట్టికాళ్ళతో పెంకుల మీద తొక్కుకుంటూ, గడ్డి మీద దొర్లుతూ, అతను సుత్తి లాక్కోబోతూ, ఆమె వదలకుండా పెనుగులాడారు. ద్వారకానాథ్ అంకుల్ పేపర్ ప్లేటు పట్టుకునే ఉన్నాడు. “ప్లీజ్... ప్లీజ్...” అంటున్నాడు. ఎవరిని అంటున్నాడో ఆయనకే తెలియదు.

భార్గవ్ ఆమె మీద మోకాలు పెట్టి అదిమి అరిచాడు. “మా అమ్మని చంపేస్తావా? పిచ్చెక్కిందా నీకు? రేపు పిల్లాణ్ణి కూడా చంపేస్తావా?”

బిందు పెనుగులాడటం ఆపేసింది. సుత్తి వదిలేసింది. ఇన్ని రోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట, ఇంకొకరి నోట బయటికొచ్చింది.

“అవునండీ,” అంది. “అదే. నాకు అదే భయం. వాడు పుట్టిన్నించీ అదే.”

అతని ముఖంలో కోపం ఇంకా అలాగే ఉంది, కాని దాని వెనక ఏదో కూలిపోయింది. మణికట్టు నుంచి రక్తం బొట్లు ఆమె మెడ మీద పడుతున్నాయి.

నేల మీద కూర్చున్న మంగతాయారు మొదట తేరుకుంది. “అమ్మాయ్,” అంది, ఊపిరి ఎగబీలుస్తూ. “పిల్లోడేడే?”

పడుకోబెట్టానని చెప్పబోయింది బిందు. పడుకోబెట్టానా? పాలిచ్చింది గుర్తుంది. కొంగు విడిపించుకుంది గుర్తుంది. తర్వాత? బట్టలు సర్దింది. ఎక్కడ సర్దింది? పక్కన సర్దిందా, ముఖం మీద సర్దిందా? ఎంత తవ్వుకున్నా రెండూ నిజంలాగే కనిపించాయి. రెండూ ఈ చేతులే చేస్తున్నట్టు కనిపించాయి.

“తెలీదు,” అంది. “నాకు తెలీదండీ. వెళ్ళి చూడండి!”

భార్గవ్ పరుగెత్తాడు. లోపల బల్ల కాలికి తగిలి పడిన చప్పుడు, లేచి దాన్ని గోడకేసి గెంటిన చప్పుడు, తలుపు భడేలున తెరుచుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. బిందు గడ్డిలో బోర్లా పడి, ఆ ఏమీ లేకపోవడాన్ని వింది. అంత నిశ్శబ్దం పిల్లవాడు చచ్చిపోయిన ఇంట్లోనే ఉంటుందనుకుంది. పక్కనున్న పెంకుముక్క అందుకుని మణికట్టుకి ఆనించుకుంది. వాడు పోతే ఈ చేతులు కూడా ఉండకూడదు.

మంగతాయారు మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, బాగున్న చేత్తో ఆమె చెయ్యి మీద ఒక్కటి వేసింది. పెంకు ఎగిరిపడింది. “చాలు,” అంది. “ఈ ఇంట్లో ఇవాళ్టికి పగలగొట్టింది చాలు.”

అప్పుడు లోపల్నుంచి ఏడుపు వినిపించింది. తలుపు చప్పుడుకి నిద్ర చెడినవాడి కోపపు ఏడుపు. ఒళ్ళు మండిపోయిన ఏడుపు. గట్టి ఏడుపు.

అంబులెన్సు వచ్చింది, వెనకే పోలీసులు. మంగతాయారు వచ్చీరాని ఇంగ్లీషులో, “ఐ స్లిప్. బొమ్మ ఫాల్. హ్యాండ్ బ్రేక్,” అని చెప్పింది. భార్గవ్ తల ఊపాడు. ద్వారకానాథ్ అంకుల్ కూడా తల ఊపాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఏమీ వివరించలేదు.

“నో,” అంది బిందు, తన గుండె మీద వేలు పెట్టుకుని. “ఐ హిట్. మీ.”

“నోర్ముయ్యవే,” అంది మంగతాయారు తెలుగులో. “పిల్లాణ్ణి పట్టుకుపోతారు.”

“పట్టుకుపోనీయండి అత్తయ్యా. బతికుంటాడు.”

ఆస్పత్రిలో కాలిన కాళ్ళకి కట్లు కట్టిన నర్సు, ఫోన్లో తెలుగు మాట్లాడే మనిషిని పెట్టించింది. పిల్లవాడి గురించి అడుగుతుందనుకుంది బిందు. ఫోన్లో గొంతు అంది: “నువ్వెలా ఉన్నావు అని అడుగుతున్నారమ్మా. బిడ్డ సంగతి తర్వాతట. నువ్వు.”

ఆ ప్రశ్న ఆమెను పురుడొచ్చిన దగ్గర్నుంచి ఎవరూ అడగలేదు. బిందు చాకు దగ్గర మొదలుపెట్టి సుత్తి దాకా అన్నీ చెప్పింది. గోడ గురించి చెబుతున్నప్పుడు ఫోన్లో మనిషి గొంతు వణికింది, కాని ఆగకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. నర్సు ముఖం మాత్రం ఏమీ మారలేదు. ఇలాంటివి చాలామంది తల్లులు చెప్పగా విన్నదట. కనిపించడం వేరు, చెయ్యడం వేరు అంది. చేసేదానివైతే ముందు తలుపు వేసి, బల్ల అడ్డం పెట్టి ఉండేదానివి కావు అంది.

బిడ్డని పట్టుకుపోలేదు. తల్లీబిడ్డల్ని ఒకే గదిలో ఉంచే వార్డుకి పంపారు. మందులు ఇచ్చారు, రోజూ మాట్లాడించారు. పోలీసులు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. భార్గవ్ మణికట్టుకి కట్టుతో వచ్చి, మంచం అంచున కూర్చుని, కొట్టినందుకు క్షమించమన్నాడు. ఆమె కొరికినందుకు క్షమించమంది. గని పనికి సెలవు పెట్టానని చెప్పాడు.

మంగతాయారు పిండికట్టు చేత్తో కందిపొడి డబ్బా పట్టుకొచ్చింది.

“ముక్కలన్నీ నేనే ఏరించాను,” అంది. “మావాడు చెత్తడబ్బాలో వేస్తానన్నాడు. తంతానన్నా. పట్టుకెళ్ళి సముద్రంలో కలిపించా. రాణో దేవతో, పసుపు రాయించుకుంది కదా, మన ఆడపడుచే.” కాసేపు మనవణ్ణి చూసింది. “అంత పెద్ద కోటలో అంతమంది మొగాళ్ళుండి, ఆ పిల్ల మొహంలోకి చూసినవాడు ఒక్కడూ లేకపోయాడు. నేనూ చూళ్ళేదు కదే. చాకులు వెతుక్కున్నానే గాని.”

పక్కగదిలో జవేరియా ఉండేది. హైదరాబాద్ పిల్ల, బిందు ఈడుదే. మూడు వారాల ఆడపిల్ల ఆమెకి. మొదటిరోజే తలుపు నెట్టుకుని వచ్చి కూర్చుంది.

“అత్త చెయ్యి ఇరగ్గొట్టిన పిల్లవి నువ్వేనంట గదా? అరే, మస్తు ధైర్యం నీకు. మా అత్తను గూడ ఒకసారి పిలిపిస్త, చూసి పంపియ్.”

బిందు పురుడొచ్చాక మొదటిసారి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే జవేరియా తన సంగతి చెప్పింది. ఆమెకి చాకులు కనిపించవట. నీళ్ళు కనిపిస్తాయట. పాపని వెనక సీట్లో కట్టి, కారు నీళ్ళల్లోకి తోలినట్టు. “చప్పుడే ఉండదు బిందూ. చల్లగుంటది. మంచిగనిపిస్తది. గదే నాకు భయం. నీకు భయమైతది సూడు, గది మంచిది. నాకు మంచిగనిపిస్తది.”

ఈ చివరి మాట డాక్టరుకి చెప్పావా అని బిందు అడిగింది. రేపు చెబుతానంది. ఆ రేపు పొద్దున్నే భర్త హారిస్ వచ్చాడు. బ్రిస్బేన్‌లో ఉద్యోగం దొరికిందని, ఇంటి మాటలు బయట చెప్పుకోవద్దని, డాక్టరు వద్దంటున్నా సంతకం పెట్టి తీసుకుపోయాడు. చెడ్డవాడేం కాదు. పాప సంచి తనే మోశాడు. భార్య ముఖంలోకి మాత్రం చూడలేదు.

బిందు పరుగెత్తి డాక్టరుతో ఆ మాట చెప్పింది. వాళ్ళు బ్రిస్బేన్ ఆస్పత్రి వాళ్ళకి రాశామన్నారు. జవేరియా వెళ్ళిన కొత్తలో ఒక ఫోటో పంపింది: కొత్త ఇల్లు, బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, హాలు కిటికీ నిండా చెరువు. కింద ఒకే మాట రాసింది, “ఎంత చల్లగుందో.” ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. బిందు రోజూ చేస్తూనే ఉంది. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తరు. ఆమెకి ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. వెళ్ళడానికి ఈ దేశం ఆ చివర నుంచి ఈ చివరికి ఉంది.

కాబట్టి ఇది చదువుతున్న మీలో ఎవరైనా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ వైపు ఉంటే, చెరువుకి ఎదురుగా ఉన్న ఇళ్ళల్లో జవేరియా అనే పిల్ల కోసం అడగండి. సన్నగా ఉంటుంది, నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయి, ఒళ్ళో పసిపాప ఉంటుంది. ఏదో ఒకటి వండి పట్టుకెళ్ళండి, పొరుగువాళ్ళమని చెప్పండి. పాపని ముద్దు చేయడం తర్వాత. ముందు ఆమె ముఖంలోకి చూసి, నువ్వెలా ఉన్నావమ్మా అని అడగండి. మంచిగున్న అంటుంది. అనగానే లేచి వచ్చేయకండి. ఇంకాసేపు కూర్చోండి.